ఫోనులోని పాడి, పాకలోని పాడి

(వ్యవసాయాధికారి, అచ్చంపేట, పల్నాడు జిల్లా)

పత్తి తీతలు, మిరప కోతలు సాగు రోజులలో మన అచ్చంపేట మండలంలోని ఇండ్లు తెల్లవారగనే ఖాళీ అగును. పెద్దలందరు చేలకు పోవుదురు. ఇంటి వద్ద తాత, నాయనమ్మ, బడియీడు రాని పిల్లలు మిగులుదురు. పిల్లవాడు పేచీ పెట్టకుండుటకు వాని చేతికి ఫోను ఇచ్చుట ఇప్పుడు కృష్ణ ఒడ్డునున్న మాదిపాడు మొదలు అన్ని ఊళ్ళలోను వాడుకైనది. ఆ ఫోనులో పిల్లలు చూచువాటిలో పాటలు, బొమ్మల కథలు పోగా "పొలం ఆట" అనునది ఒకటి కలదు. పిల్లవాడు వ్రేలితో తాకిన చాలు, విత్తనం పడును, కోడి గుడ్డు పెట్టును, ఆవు పాలిచ్చును.

ఈ ఆటలు పిల్లలకు మంచివా, చెడ్డవా అని గ్రామసభలలో తల్లులు అడుగుచున్నారు. ఫోను గూట్లో పెట్టి తాళం వేయుడని చెప్పి ఊరకుండుట సులభమే. కాని పిల్లవానికి పశువుల మీద ఆసక్తి కలిగినదంటే, అది బొమ్మ చూచి కలిగినను, దానిని చెడగొట్టుకొనుట తెలివి గాదు. నా అభిప్రాయం ఇది: ఆట పాఠమునకు మొదటి పుట కాగలదు, రెండవ పుట మాత్రం మీ పశువుల పాకలోనే ఉన్నది. రెండవ పుట తిప్పనిచో మొదటిది నేర్పునది తప్పుల తడక. ఎట్లనగా, ముందు ఆ ఆటల సంగతి కొంత తెలిసికొనవలెను.

ఇవి పుట్టి ఎంతో కాలం కాలేదు. 2008లో చైనాలో "హ్యాపీ ఫార్మ్" అను ఆట ప్రబలెను. ఆ మరుసటి సంవత్సరం, అనగా 2009 జూన్‌లో, అమెరికాలోని జింగా కంపెనీవారు ఫేస్‌బుక్‌లో "ఫార్మ్‌విల్" అను ఆటను ప్రవేశపెట్టిరి. 2010 నాటికి నెలకు 8 కోట్లమందికి పైగా దానిని ఆడిరి. వారిలో నాగలి పట్టినవారు ఎందరుందురో మీరే ఊహించుకొనవచ్చును. ఆ ఆటలో వేళకు కోయని పైరు వాడిపోవును. అందువలన ఉద్యోగస్తులు సయితం అర్ధరాత్రి లేచి బొమ్మ పైరు కోసిరని ఆ రోజుల్లో చెప్పుకొనెడివారు. ఆ మొదటి ఫార్మ్‌విల్ 2020 డిసెంబరు 31తో మూతబడెను. 2012లో ఫిన్లాండు దేశపు సూపర్‌సెల్ కంపెనీవారు తెచ్చిన "హే డే" ఇంకను నడుచుచున్నది. చిన్నపిల్లలకు తేలికగా పట్టుబడునది ఇదే కనుక, ఇక్కడ దీనినే ఉదాహరణగా తీసికొందము.

ఈ ఆటలో కోడికి, ఆవుకు, పందికి, గొర్రెకు, మేకకు వేరు వేరు దాణా ఉన్నది. ఆవు దాణా కావలెనన్న సోయాచిక్కుడు రెండు పాళ్ళు, మొక్కజొన్న ఒక పాలు కలిపి దాణా మరలో వేయవలెను. కోడి దాణాకు గోధుమ రెండు పాళ్ళు, మొక్కజొన్న ఒక పాలు. ఆ సోయాచిక్కుడు, ఆ మొక్కజొన్న ముందుగా తన చేనిలో పండించుకొనవలెను. మేత పెట్టనిచో పాలు రావు, గుడ్డు రాదు. సరిగా చూచినచో ఇది చాల మంచి పాఠం. పాలు ప్యాకెట్టులో పుట్టునని తలచు పట్నపు పిల్లలకే గాదు, పాకకు పది గజాల దూరంలో పెరుగుచు పాకలోనికి తొంగిచూడని మన పిల్లలకు గూడ, పొలంలో గింజ, గాడిలో మేత, చెంబులో పాలు ఒకే గొలుసు అని ఐదు నిమిషాలలో తెలియును. మేము సభ పెట్టి గంటసేపు చెప్పినను ఇంత తేటగా చెప్పలేము. ఈ గుణాన్ని ఒప్పుకొనక తప్పదు.

పోతే, లెక్కలు. ఆ ఆటలో కోడి 20 నిమిషాల కొక గుడ్డు పెట్టును. ఆవు గంట కొకసారి పాలిచ్చును. గొర్రె 6 గంటలకు ఉన్ని యిచ్చును. పత్తి రెండున్నర గంటలలో, మిరప 4 గంటలలో చేతికి వచ్చును! మిరప నారు పోసి, నాటి, మొదటి కోత కోయుటకు నాలుగైదు నెలలు కాచుకొని, మధ్యలో పురుగుతోను తెగులుతోను పోరాడు మన పల్నాటి రైతు ఈ 4 గంటల మాట విని నవ్వుకొనవచ్చును. కాని పిల్లవాడు నవ్వడు, నమ్మును. క్రిందటి ఏడు మండలంలోని ఒక ఊరిలో ఆరేండ్ల పాప ఒకతె వాళ్ళ నాయనమ్మను, "మన బర్రె రోజుకు రెండుసార్లే ఎందుకిస్తుంది, దానికి జబ్బు చేసిందా?" అని అడిగినది. నాయనమ్మ కసరుకొన్నది. కసరదగినది లేదు, అది మంచి ప్రశ్న. గుడ్డు ఒకటి తయారగుటకు కోడి కడుపులో సుమారు 25 గంటలు పట్టును గనుక ఏ పెట్ట అయినను రోజుకు ఒక్క గుడ్డు కంటె పెట్టజాలదనియు, గేదె తిన్న మేత నెమరువేసి, అరిగి, రక్తంలో కలిసి, పొదుగులో పాలుగా మారుటకు వేళ పట్టుననియు చెప్పుటకు అంతకంటె మంచి సమయం దొరకదు.

వేళ లెక్కల కంటె పెద్ద తప్పు మరియొకటి ఉన్నది. అందుకే ముఖ్యంగా నే నీ వ్యాసం వ్రాయుచున్నాను. ఆ ఆటలో మేత పెట్టకపోయినచో ఆవు ఊరక నిలుచుండును. రెండు రోజులు కాదు, రెండు నెలలు ఆట ముట్టకపోయినను అది చావదు, చిక్కదు, జబ్బుపడదు. మరల ఫోను తెరిచినప్పుడు అక్కడనే ఉండును. దాహమన్నది లేదు. పేడ లేదు, ఈగలు లేవు, గాలికుంటు లేదు. పంది చావకుండనే మాంస మిచ్చును. ఆవును నాణెములు పెట్టి కొనుటయే గాని అది చూలు కట్టుట, ఈనుట, దూడ కుడుచుట అన్నవి ఆ దొడ్డిలో జరుగవు. అనగా, మనిషి కొరకు పశువు ఎంతకాలమైనను కాచుకొని ఉండునని ఆట నేర్పుచున్నది. పాకలోని పశువు కాచుకొని ఉండజాలదు. మే నెలలో రెంటచింతల ఎండలు ఏపాటివో పత్రికలలో ఏటేట చదువుచున్నాము. అచ్చంపేటలోను తక్కువ గాదు. అట్టి ఎండలో పాలిచ్చు గేదెకు ఒక పూట నీరు తప్పిన సాయంత్రం పాలలో తగ్గుదల కనబడును. దానికి రోజుకు సుమారు 60 లీటర్లు, వేసవిలో అంతకంటె ఎక్కువ నీరు కావలెను. రేపు ఈ పాకకు యజమాని కాబోవు పిల్లవాడు "తర్వాత పెడదాములే" అను అలవాటుతో పెరిగినచో నష్టపడునది మొదట పశువు, తరువాత ఇల్లు.

(జ్ఞానం తెచ్చు ఆటలు బొత్తిగా లేకపోలేదు. స్విట్జర్లాండువారి "ఫార్మింగ్ సిమ్యులేటర్" అను ఆటలో పశువుకు మేత, నీరు, పడకకు గడ్డి చూడవలెను. 2024లో వచ్చిన దాని కొత్త కూర్పులో గేదెలను, మేకలను, వరిసాగును గూడ చేర్చిరి. అయితే అది పెద్ద పిల్లలకు, కంప్యూటరు ఉన్న ఇండ్లకు తగినది. ఐదారేండ్లవారికి అంతుబట్టదు.)

పేరులు మనవి, బొమ్మ ఏదైననేమి

ఆటలోని ఆవుకు మూపురం లేదు. అది సీమజాతి. గేదె అసలే లేదు. పిల్లవాడు ఆడునప్పుడు ప్రక్కన కూర్చున్న పెద్దలు ఊరక చూడక మన మాటలు చెప్పవలెను. ఆ ఆటలో ఆవు అన్న ఒక్క మాటతో సరి. మన ఇండ్లలో ఎన్ని మాటలున్నవో చూడుడు: పుట్టినది పెయ్యదూడ, లేదా కోడెదూడ. గేదెకు పుట్టిన ఆడుదూడ ఎదిగిన పడ్డ, మగది దున్న. కడుపుతో ఉన్నది చూడిది. పాలిచ్చుచున్నది పాడిది. పాలు ఆగినది వట్టిపోయినది. ఇందులో ప్రతి మాట పశువు బ్రతుకులో ఒక దశ. ఈ మాటలు తెలిసిన పిల్లవానికి ఆవు ఒక పాల యంత్రం కాదని వేరుగా చెప్పనక్కరలేదు. "మన పాకలో ఇప్పుడు చూడిది ఏది, వట్టిపోయినది ఏది?" అని అడుగుడు. వారం రోజులలో మీకంటె ముందు వాడు చెప్పును.

గొర్రె సంగతి మరీ విచిత్రం. ఆటలోని గొర్రె ఒళ్ళంత తెల్లని ఉన్నితో ఉండును. మన ప్రాంతంలోని నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని లేదు, మేకవలె పొట్టి వెంట్రుకలుండును. ఇది మాంసము కొరకు పెంచు జాతి, మన దేశపు గొర్రెలలో ఎత్తయినది. ఇందులో తెల్లనిది పల్ల, ముఖాన నల్ల మచ్చలున్నది జోడిపి, ఎర్రనిది డోర. గొంగళ్ళు నేయు ముతక ఉన్ని యిచ్చునది దక్కనీ జాతి. 2019 పశుగణనలో మన రాష్ట్రంలో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు లెక్కకు వచ్చినవి. ఇంత గొర్రెల సంపద గల నాడులో పుట్టిన పిల్లవాడు గొర్రె అనగానే చలిదేశపు ఉన్ని గొర్రెను తలచుకొనుట బాగుండలేదు. ఊరిబయట మంద దిగినప్పుడు పిల్లలను తీసికొనిపోయి, కాపరి అనుమతితో, గొర్రె వీపు మీద చేయి వేయనిచ్చిన చాలును.

మూడు పనులు

ఆట చూపిన తరువాత ఇంటిలో చేయదగిన పనులు మూడు నాకు తోచుచున్నవి.

మొదటిది పాల లెక్క. పాత నోటుపుస్తక మొకటి పాకలో దూలానికి వ్రేలాడగట్టుడు. ఉదయం పాలు ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, దాణా ఎన్ని కిలోలు అని పిల్లవాని చేత వ్రాయించుడు. వ్రాయ రానివాడు లీటరు కొక గీత గీయును. పశువు ఒంటి పోషణకు వేయు కిలో దాణా గాక, గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో, ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు 1 కిలో దాణా అని మా లెక్క. ఆటలో "ఒక సంచి మేత, ఒక చెంబు పాలు" అని చూచిన పిల్లవానికి ఈ లెక్క చప్పున అర్థమగును. ఆ పుస్తకం మీకును పనికివచ్చును. ఒకనాడు పాలు ఉన్నట్టుండి తగ్గినచో, గేదె ఎదకు వచ్చినదో, పొదుగువాపు మొదలైనదో వెంటనే విచారింపవచ్చును.

రెండవది గోడమీది క్యాలెండరు. గేదెను చూలు కట్టించిన దినమున పిల్లవాని చేత క్యాలెండరులో చుక్క పెట్టించుడు. గేదె సుమారు 310 రోజులు, ఆవు సుమారు 280 రోజులు, గొర్రె, మేక సుమారు 150 రోజులు మోయును. 21 రోజులకు మరల ఎదకు రాకున్నచో చూలు నిలిచినదని ఆశ, మూడవ నెలలో పశువైద్యునిచే పరీక్ష. ఈనినప్పుడు పిల్లలను దూరాన నిలిపి చూడనిచ్చినను తప్పులేదు. పుట్టిన గంటలోపల దూడకు జున్నుపాలు త్రాగించవలెను. దూడ బరువులో పదవ వంతు పాలు రోజు మొత్తంలో దానికి దక్కవలెను. ఇక్కడ ఒక్క మాట: మన ఇండ్లలో దున్నదూడ పుట్టినచో దానికి పాలు దక్కుట లేదు. పిల్లవాడు అడుగును, "దానికెందుకు పెట్టవు?" అని. ఆ ప్రశ్నకు జవాబు మీరే చెప్పుకొనవలెను. గేదెదూడకు 10, 15 రోజుల మధ్య నట్టల మందు పోయించుట మాత్రం మరువకుడు. ఏలికపాములతో చచ్చు దూడలు తక్కువేమీ గాదు.

మూడవది నాకు అన్నిటికంటె ఇష్టమైనది, ఖర్చు లేనిది: కోడిని పొదగవేయుట. 310 రోజులు కాచుకొనుట చిన్నపిల్లలకు కష్టం. 21 రోజులు కాచుకొనగలరు. చలికాలంలో, అనగా కార్తీకం మొదలు మాఘం వరకు, నాటుపెట్ట పొదుగునకు వచ్చినప్పుడు ఒక గంపలో వరిగడ్డి పరచి, 10 లేక 12 గుడ్లు పెట్టుడు. గుడ్లు వారం రోజులకు మించి నిలువ ఉన్నవి కారాదు. వాటిని నీళ్ళతో కడుగరాదు. ప్రతి గుడ్డు మీద పిల్లవాని చేత పెన్సిలుతో గుర్తు పెట్టించుడు. మరునాడు చూచిన గుర్తులు క్రిందికి, ప్రక్కకు మారి ఉండును. పెట్ట తానే ముక్కుతో గుడ్లను తిప్పును, అన్నివైపుల వేడి సమంగా తగులుటకు. రోజు కొకసారి పెట్ట దిగి మేత తిని, నీరు త్రాగి, రెట్ట వేసి మరల వచ్చి కూర్చొనును. ఆ కాసేపు మేత, నీరు దగ్గరలో ఉంచుట పిల్లవాని పని. ఆనాడు వాడు మరచినచో పెట్ట ఆకలితో కూర్చొనును, లేదా దూరం పోయి గుడ్లు చల్లారును. ఆట నేర్పని పాఠం ఇక్కడ వాని కండ్ల యెదుట జరుగును.

ఏడవ లేక ఎనిమిదవ రాత్రి గది చీకటి చేసి, అదే ఫోనులోని లైటు వెలిగించి, దానిమీద గుడ్డు మొద్దు కొన పెట్టి చూడుడు. పిండం ఏర్పడిన గుడ్డులో సాలెపురుగువలె ఎర్రని నరములు కనబడును. ఏమియు లేక తేటగా ఉన్నది మురుగుడ్డు, తీసివేయవలెను. ఫోను వలన పిల్లలకు ఇంత లాభము మరెక్కడ కలుగునో నాకు తెలియదు! 21వ రోజున గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చును. చిప్ప ఒలిచి సాయం చేయబోకుండ పిల్లవానిని ఆపవలెను, రక్తనాళములు తెగి కోడిపిల్ల చచ్చును. పిల్లలు పుట్టిన వారంలోపున కొక్కెర తెగులు రాకుండ కంటిలోనో ముక్కులోనో చుక్కల మందు వేయించుడు. అన్ని గుడ్లు పిల్లలు కావు. పుట్టినవానిలో ఒకటి రెండు గద్ద పాలో పిల్లి పాలో కావచ్చును. అప్పుడు పిల్లవాడు ఏడ్చును. ఏడవనిండు.

చెవిపోగులోని అంకెలు

మీ పశువుల చెవులకు పసుపుపచ్చని బిళ్ళ వేసి ఉన్నది గదా. దానిమీద 12 అంకెలుండును. అది ఆ పశువుకు మన ఆధార్ నంబరువంటిది. ఒకటవ తరగతి పిల్లలకు అంకెలు చదువుటకు ఇంతకంటె మంచి పలక లేదు. ఆ అంకెలు పాల పుస్తకం మొదటి పుటలో వ్రాయించి, వాటి క్రింద టీకాలు వేసిన తేదీలు వ్రాయించుడు. గాలికుంటు నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2019లో చేపట్టిన పథకం ప్రకారం ఆరు మాసముల కొకసారి టీకా వేయుదురు. 4 నుండి 8 నెలల వయసుగల ఆడుదూడలకు ఈచుకుపోవు వ్యాధి రాకుండ ఒకేసారి టీకా వేయుదురు. సూది అనగానే దూడను పెరటిలో దాచు తల్లులున్నారు. పుస్తకంలో తేదీ వ్రాసిన పిల్లవాడు తానే దూడను తోలుకొని వచ్చును.

జాగ్రత్తలు

ఆటలోని పశువు పొడువదు, తన్నదు. అందుచేత ఆట మరగిన పిల్లలు నిజమైన పశువు దగ్గరకు బెదురు లేక పోవుట కద్దు. క్రొత్తగా ఈనిన గేదె వద్దకు, కోడెల వద్దకు, పిల్లలతోనున్న కుక్క వద్దకు వారిని ఒంటరిగా పోనీయరాదు. పశువు వెనుకకాళ్ళ వైపు నిలువరాదని మొదటినాడే చెప్పవలెను. పాకలోనుండి వచ్చిన తరువాత సబ్బుతో చేతులు కడుగవలెను. పచ్చిపాలు త్రాగనీయరాదు, కాచి చల్లార్చిన పాలే ఇయ్యవలెను. ఈడ్చివేసిన మాయను, ఈచుకున్న దూడను పిల్లలే గాదు, పెద్దలును వట్టి చేతులతో ముట్టరాదు. పశువుకు ప్రమాదం కలిగిన 1962 నంబరుకు ఫోను చేసిన సంచార పశువైద్యశాల వచ్చును. ఈ నంబరు పిల్లలకు కంఠస్థం చేయించుడు.

ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది గుర్తుంచుకొనదగినది. ఏడాది పిల్లలకు తెర చూపరాదు. 2 నుండి 4 ఏండ్లవారికి రోజు మొత్తంలో గంట మించరాదు, తగ్గిన కొలది మేలు. పొలం ఆట కైతే ఒక్కసారికి పావుగంట చాలునని నేనందును, అది గూడ పెద్దల ఒడిలో. 2025లో చేసిన కేంద్ర చట్టం డబ్బు పందెముల ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. పొలం ఆటలు ఆ కోవలోనివి కావు. అయినను వాటిలో పైరు త్వరగా పండుటకు "వజ్రములు" అమ్మకమునకు ఉండును. వానికి చెల్లించునది మీ బ్యాంకు ఖాతాలోని సొమ్ము. ఆ ఫోనులోనే పాలడబ్బు, మిరపకాయల డబ్బు పడుచున్నచో, కొనుగోలుకు తప్పక రహస్యసంఖ్య అడుగునట్లు పెట్టుకొనుడు. ఆ సంఖ్య పిల్లలకు చెప్పకుడు. ఆటలో ఎరుగనివారితో మాటలు వ్రాసికొను వీలు గూడ ఉండును, దానిని చిన్నవారిని ముట్టనీయరాదు.

లాం ఫారం

ఇంటిలో పాడి లేనివారు నిరాశ చెందనక్కరలేదు. గుంటూరు దగ్గర లాంలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంవారి పశు పరిశోధనా స్థానం ఉన్నది. ఒంగోలు జాతి ఆవులను, ఆబోతులను అక్కడ చూడవచ్చును. మన ఊళ్ళలో ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఎద్దుల జతలు తగ్గి, ఒంగోలు ఎద్దును బండలాగుడు పందెములలో తప్ప చూడని పిల్లలు పెరుగుచున్నారు. బ్రెజిల్ దేశంలో "నెలోర్" అను పేర లెక్కకు మిక్కిలిగా మేయుచున్న పశువుల పూర్వులు మన ఒంగోలు జాతివే. ఆ జాతి ఆబోతు మూపురం, గంగడోలు, నడక కంటితో చూచిన పిల్లవానికి ఆటలోని మూపురం లేని ఆవు వేరే దేశపుదని తానే తోచును. అంగన్‌వాడీ కార్యకర్తలు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు పిల్లలను తీసికొని పోదలచినచో ముందుగా అక్కడి అధికారులకు ఉత్తరం వ్రాసి అనుమతి పొంది, ఉదయపు పాలు పితుకు వేళకు చేరునట్లు బయలుదేరవలెను. అంతదూరం పోలేనివారు తమ గ్రామ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుని అడిగి, టీకాలు వేయు దినమున పిల్లలను వరుసగా నిలబెట్టి చూపవచ్చును.